బంతి కలిపిన స్నేహాలు

ఆటల పీరియడ్‌కు పరిగెత్తే పిల్లల సంచుల్లో కాలేజీ ఆటల ప్రేమ నవలలు తరచూ చూస్తున్నాం. వాటిలో అంత ఆకర్షణ ఏముంది?

చేతన్ భగత్ 2014లో రాసిన 'హాఫ్ గర్ల్‌ఫ్రెండ్' తీసుకోండి. బీహార్ నుంచి ఢిల్లీ కాలేజీకి వచ్చిన మాధవ్‌కు ఇంగ్లీషు సరిగా రాదు. ఇంటర్వ్యూలో తడబడతాడు. బాస్కెట్‌బాల్ కోర్టులోకి దిగాక మాత్రం అతని వ్యాకరణం ఎవరికీ పట్టదు. రియాతో స్నేహం అక్కడే కుదురుతుంది. 2004లో రాజమౌళి తీసిన 'సై' సినిమాలోనూ కాలేజీలో కొట్టుకునే రెండు ముఠాలు చివరికి ఒకే జట్టుగా రగ్బీ ఆడతాయి.

కొత్త ఊరు, రాని భాష, ముఖపరిచయం లేని తరగతి. ఇదంతా మీకు తెలియని కథా? శ్రీవిజయపురంలో (మొన్నటి పోర్ట్ బ్లెయిర్‌లో) దిగిన మొదటి వారం మీలో చాలామందిని పేరు పెట్టి పిలిచింది ఫుట్‌బాల్ జట్టే. నిజం చెప్పాలంటే, ఆ నవలల్లో మాకు నచ్చేది ప్రేమకన్నా, ఆట ముగిశాక "రేపూ వస్తావుగా?" అని ఎవరో ఒకరు అడగడం. బదిలీపై వచ్చిన ఉపాధ్యాయులకూ ఆ మాట కావాలి.

ఒక్కటే తేడా. నవలలో చివరి మ్యాచ్ దాకా అందరూ ఉంటారు. ఇక్కడ ఫైనల్‌కు ముందే బదిలీ ఉత్తర్వు వస్తుంది. పోయినేడు మా గోల్‌కీపర్ అలాగే చెన్నై ఓడ ఎక్కాడు. గ్లౌజులు మాత్రం అంతకు వారం ముందే చేరిన అబ్బాయి చేతిలో పెట్టి వెళ్లాడు.