గెల ధరపై ఇండొనేషియా నిల్వలు, ఢిల్లీ సుంకం

నల్లజర్ల మెట్టలో కోసిన పామాయిల్ గెల ధర ఇక్కడి బేరంతో తేలేది కాదు. కోసిన 24 గంటలలోగా గెల మిల్లుకు చేరాలి; ఆలస్యమైతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత చెడుతుంది. ధాన్యం వలె నిల్వ చేసి మంచి ధర కోసం ఆగే వీలు లేదు. ఏ ప్రాంతం గెలలు ఏ మిల్లుకు వెళ్లాలో కూడా 1993 నాటి రాష్ట్ర చట్టం కింద ముందే నిర్ణయమై ఉంటుంది. గెల ధర ముడి నూనె ధరను అనుసరిస్తుంది; ముడి నూనె ధర కాకినాడ వంటి రేవులలో దిగే విదేశీ సరుకును అనుసరిస్తుంది.

2022లో జరిగింది చూడవచ్చు. ఏప్రిల్ 28న ఇండొనేషియా ఎగుమతులను నిషేధించింది. ట్యాంకులు నిండిపోవడంతో మే 23న నిషేధం ఎత్తివేసింది. జులైలో ఎగుమతి లెవీని కూడా తాత్కాలికంగా తీసివేసి నిల్వలను బయటకు తోసింది. మార్చిలో టన్ను 7 వేల రింగిట్లు దాటిన మలేషియా ధర జులైలో 4 వేలకు దిగువకు జారింది. ఆనాడు ముడి నూనెపై మన సుంకం 5.5 శాతం. అడ్డుకట్ట లేనట్టే.

దీనిని వ్యాపారస్తులు డంపింగ్ అంటారు గాని చట్టం అనదు. ఎగుమతిదారు సొంత దేశంలో అమ్మే ధర కంటే తక్కువకు ఇక్కడ అమ్మి, మన పరిశ్రమకు నష్టం కలిగించినప్పుడే 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం కింద యాంటీ డంపింగ్ సుంకం పడుతుంది. అక్కడి ధరే కుప్పకూలినప్పుడు అది పనికిరాదు. మిగిలేది మామూలు దిగుమతి సుంకమే.

ఆ సుంకం 2024 సెప్టెంబరులో 27.5 శాతానికి పెరిగి, 2025 మే నెలాఖరున 16.5 శాతానికి తగ్గింది. లక్ష రూపాయల టన్నుపై తేడా 11 వేలు. నూనె దిగుబడి 18 శాతం అనుకుంటే, ఆ తేడా పూర్తిగా గెలపై పడినప్పుడు టన్ను గెలలకు సుమారు 2 వేలు. రిఫైండ్ నూనెపై సుంకం మాత్రం 35.75 శాతం దగ్గరే ఉంచారు. అంటే రెండింటి నడుమ ఎడం 8.25 నుంచి 19.25 శాతానికి పెరిగింది. రేవులోని రిఫైనరీలకు చేతినిండా పని. తోట రైతుకు కోత. మొక్క నాటిన నాలుగో ఏటికి గాని కాపుకు రాదు. ఉత్తర్వు తొమ్మిది నెలలు తిరగకముందే మారింది.

బ్రోకర్లు గమనించవలసినవి మరి రెండు. సుంకం లెక్క ఇన్‌వాయిస్ ధరపై కాదు, కేంద్రం పదిహేను రోజులకొకసారి ప్రకటించే టారిఫ్ విలువపై. బాండెడ్ ట్యాంకులో ఉంచిన సరుకుకు వర్తించేది ఓడ వచ్చిననాటి రేటు కాదు, సరుకు విడిపించుకొనేందుకు బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేసిననాటి రేటు. కనుకనే సుంకం తగ్గుతుందని వదంతి పుట్టగానే సరుకు ట్యాంకులలో ఆగిపోతుంది.