గెట్‌టెక్స్ట్: వాక్యానికి వాక్యమే పేరు

ఫోన్‌లో భాష తెలుగుకి మార్చగానే మెనూలన్నీ తెలుగైపోతాయి కదా, ప్రోగ్రాం మళ్లీ రాస్తారా అని క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. రాయరు. ప్రోగ్రాం ఒక్కటే. మాటలు మాత్రం దాని పక్కన వేరే ఫైళ్లలో ఉంటాయి, భాషకొకటి చొప్పున. మరి వేల వాక్యాల్లో తనకు కావలసింది ప్రోగ్రాం ఎలా వెతుక్కుంటుంది? ప్రతి వాక్యానికీ ఒక పేరుండాలి. ఆ పేరు ఎలా ఉండాలన్న దగ్గరే యూనిక్స్ లోకంలో రెండు దారులు ఏర్పడ్డాయి.

ఎక్స్/ఓపెన్ ప్రమాణంలోని క్యాట్‌గెట్స్‌లో పేరంటే అంకె. మూడో సెట్టులో పదిహేడో సందేశం కావాలంటే ప్రోగ్రామర్ 3, 17 అని రాయాలి. ఆ అంకెలు పంచేదీ మనిషే, గుర్తుపెట్టుకునేదీ మనిషే. మధ్యలో ఎవరైనా ఒక సందేశం చొప్పించి మిగతా అంకెలు జరిపారనుకోండి, పాత అనువాద ఫైలు ఉన్న కంప్యూటర్లో ‘డిస్కు నిండిపోయింది’ అనాల్సిన చోట ‘ఫైలు చెరిపేశాం’ అని కనబడొచ్చు.

సన్ మైక్రోసిస్టమ్స్ నుంచి వచ్చిన గెట్‌టెక్స్ట్ ఈ చిక్కును మూలంలోనే తెంచేసింది. ఇంగ్లిష్ వాక్యమే దాని పేరు, అంతే! 1995లో ఉల్రిచ్ డ్రెప్పర్ గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు కోసం దీన్ని రాశాక లినక్స్ అంతటా పాకింది. ప్రోగ్రామర్ చేయాల్సిందల్లా వాక్యాన్ని బ్రాకెట్లలో పెట్టి ముందు ఒక అండర్‌స్కోర్ గీయడమే. ఎక్స్‌గెట్‌టెక్స్ట్ అనే పనిముట్టు కోడంతా జల్లెడ పట్టి, అలాంటి వాక్యాలను పీఓ ఫైల్లో పేరుస్తుంది. పైన ఇంగ్లిష్, కింద ఖాళీ కొటేషన్లు. అనువాదకులు ఆ ఖాళీ నింపుతారు. తర్వాత ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీ దాన్ని యంత్రం చదివే ఎంఓ ఫైలుగా మారుస్తుంది.

నాకు ముచ్చటేసేది ఈ ఎంఓ ఫైలే. అందులో ఇంగ్లిష్ వాక్యాలు నిఘంటువులోలాగా అక్షర క్రమంలో ఉంటాయి. మధ్యలో తెరిచి ముందుకా వెనక్కా అని చూసుకుంటూ పోతే, వెయ్యి వాక్యాల్లో కావలసింది పది పోలికల్లో దొరుకుతుంది. హ్యాష్ పట్టిక కూడా ఉంటే అన్ని పోలికలూ అక్కర్లేదు. అనువాదం లేకపోతే? గెట్‌టెక్స్ట్ తనకిచ్చిన వాక్యాన్నే తిరిగి ఇచ్చేస్తుంది. సగమే అనువాదమైన ప్రోగ్రాం కూడా ఆగకుండా నడుస్తుంది, మిగతా సగం ఇంగ్లిష్‌లో కనబడుతుంది. స్వచ్ఛందంగా, తీరిక దొరికినప్పుడు అనువదించేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి!

లోటు లేకపోలేదు. ఇంగ్లిష్‌లో ఒక్క అక్షరదోషం దిద్దినా పేరు మారిపోతుంది, అన్ని భాషల్లోనూ ఆ అనువాదానికి పట్టు తప్పుతుంది. అందుకే ఎంఎస్‌జీమెర్జ్ దగ్గరి పోలికున్న పాత అనువాదాన్ని వెతికి తెచ్చి, ‘ఫజ్జీ’ అని గుర్తు వేస్తుంది. మనిషి చూసి ఆ గుర్తు తీసేసేదాకా అది ఎంఓ ఫైల్లోకి వెళ్లదు. ఇంకో చిక్కూ ఉంది. ఇంగ్లిష్‌లో ‘ఓపెన్’ ఒక బటన్‌పై ఆజ్ఞ, మరోచోట స్థితి. పేరు ఒకటే కాబట్టి రెండూ ఒకే అనువాదానికి కట్టుబడతాయి. తర్వాత సందర్భం అనే అదనపు పేరు చేర్చి వాటిని విడదీశారు. బహువచనాలకైతే ఏకంగా చిన్న సూత్రమే ఫైల్లో రాస్తారు. తెలుగుకు రెండు రూపాలు చాలు, అరబిక్‌కు ఆరు కావాలి.

ఆండ్రాయిడ్ మరో దారి పట్టింది. ప్రతి వాక్యానికీ డెవలపరే విడిగా ఒక పేరు పెడతారు, తెలుగు మాటలు ‘వాల్యూస్-టీఈ’ ఫోల్డర్లో ఉంటాయి. యాప్ తయారయ్యేటప్పుడు ఆ పేర్లు 32 బిట్ల అంకెలవుతాయి. క్యాట్‌గెట్స్ అంకెలే తిరిగొచ్చాయన్నమాట, కాకపోతే ఈసారి పంచేది యంత్రం.

యాప్‌లు రాసే మిత్రులకు ఒక విన్నపం. ‘టెక్స్ట్1’, ‘టెక్స్ట్2’ అని పేర్లు పెట్టకండి. ఆ మాట ఏ తెరపై, ఏ పనికి వస్తుందో పేరులోనే తెలియాలి. పక్కన అనువాదకులకు ఒక్క వరుస వ్యాఖ్య రాయండి. ఆండ్రాయిడ్ ఫైల్లోనూ, పీఓ ఫైల్లోనూ అందుకు చోటుంది.