అసంపూర్ణ ప్యాచ్‌ను సమీక్షించడం: ఫైల్ సిస్టమ్ డ్రైవర్ ఉదాహరణ

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- అసంపూర్ణమైన ప్యాచ్‌లో పూర్తయిన పనిని, మిగిలిన పనిని వేరుచేయగలుగుతారు.
- పేరు మార్పు చర్యలో వరుసక్రమం ఎందుకు ముఖ్యమో వివరించగలుగుతారు.
- రాసినవారు తిరిగి పనిలోకి రాగలిగేలా సమీక్ష రాయగలుగుతారు.

1. పరిచయం

డిస్క్‌కు ఫైల్ పేర్లు తెలియవు, బ్లాకుల సంఖ్యలే తెలుసు. పేరును బ్లాకులతో కలిపే కెర్నల్ భాగమే ఫైల్ సిస్టమ్ డ్రైవర్. మామూలు ప్రోగ్రామ్‌లో తప్పు ఉంటే ఆ ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఈ డ్రైవర్‌లో తప్పు ఉంటే దాన్ని రాసినవారు ఎన్నడూ చూడని మనిషి దస్తావేజులు పోతాయి. కనుక ఇక్కడ సమీక్ష లాంఛనం కాదు.

నేను ఉద్యోగ విరమణ చేసిన తరువాత, మైపాడు వైపు నుంచి ఒక విద్యార్థి తన ప్యాచ్ తీసుకుని నెల్లూరులో మా ఇంటికి వచ్చాడు. జర్నల్ లేని ఒక పాత ఫైల్ సిస్టమ్ డ్రైవర్‌కు పేరు మార్పు సదుపాయం చేర్చాలని మొదలుపెట్టి, సగంలో ఆపేశాడు. "ఇది పనికొస్తుందా సార్, వదిలేయమంటారా?" అని అడిగాడు. ఈ భాగమంతా ఆ ప్రశ్నకు సమాధానమే.

2. మొదట పనిని విడదీయండి

ఆ ఒక్క ప్యాచ్‌లో మూడు పనులు కలిసిపోయి ఉన్నాయి: పాత కోడ్‌లో ఖాళీలు సరిచేయడం, ఫైల్ తొలగించే ఫంక్షన్‌లో విడుదల కాకుండా ఉండిపోతున్న బఫర్‌ను విడుదల చేయడం, పేరు మార్పు. మూడవదే అసంపూర్ణం. రెండవది చిన్నదే అయినా పూర్తయింది, దేనిమీదా ఆధారపడలేదు. "సగం పని" అనుకున్నదాంట్లో ఒక పూర్తి పని దాగి ఉందన్నమాట. సమీక్షకుడు మొదట వెతకవలసింది దాన్నే.

ఇది విద్యార్థులకు మాత్రమే వచ్చే సమస్య కాదు. 2020 ఆగస్టులో పారగాన్ సంస్థ తన ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్‌ను లినక్స్‌కు పంపినప్పుడు అది దాదాపు 27,000 పంక్తుల ఒకే ప్యాచ్. విడగొట్టి పంపమని సమీక్షకులు కోరారు. ఎన్నో మార్పుల తరువాత 2021లో వెలువడిన 5.15 కెర్నల్‌లో దానికి చోటు దొరికింది.

3. వరుసక్రమం: ప్రధాన లోపం

పేరు మార్చడమంటే డైరెక్టరీలో పాత నమోదును తీసివేసి కొత్త నమోదును చేర్చడం. మన విద్యార్థి ఇదే వరుసలో రాశాడు: ముందు తొలగింపు, తరువాత చేర్పు. కొత్త డైరెక్టరీలోని బ్లాకు నిండిపోయి, డిస్క్‌లో మరో బ్లాకు దొరకలేదనుకోండి. చేర్పు విఫలమవుతుంది. పాత పేరు అప్పటికే పోయింది. ఫైల్ డిస్క్‌లోనే ఉంటుంది, కాని దాన్ని చేరే దారి ఉండదు. ఆ చోట విద్యార్థి "లోపాన్ని తరువాత చూడాలి" అని వ్యాఖ్య మాత్రం రాసి వదిలేశాడు.

మన తీరంలో పడవను ఒక కొయ్య నుంచి మరో కొయ్యకు మార్చేవారిని గమనించండి. కొత్త కొయ్యకు ముడి బిగిసేదాకా పాత ముడి విప్పరు. లినక్స్‌లోని మినిక్స్, ఎక్స్‌ట్2 డ్రైవర్లు కూడా కొత్త నమోదు పెట్టిన తరువాతే పాతదాన్ని తీసివేస్తాయి. చేర్పు విఫలమైతే పాత పేరు చెక్కుచెదరదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కోడ్‌లోని వరుసే డిస్క్ మీది వరుస అని భావించరాదు. మార్పులు ముందు మెమరీలో ఉండి, తరువాత వేరే క్రమంలో డిస్క్‌కు చేరవచ్చు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వంటి రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని మనకు ఇది పుస్తక విషయం కాదు. జర్నల్ ఉన్న ఫైల్ సిస్టమ్‌లు ఈ ఇబ్బందిని చాలావరకు తప్పిస్తాయి. జర్నల్ లేనిచోట, కరెంటు వచ్చాక ఎఫ్‌ఎస్‌సీకే వంటి తనిఖీ సాధనాన్ని నడపాలి.

4. తాళాలు, పరీక్షలు

పేరు మార్పు ఫంక్షన్‌ను పిలిచే ముందే కెర్నల్‌లోని వీఎఫ్‌ఎస్ పొర రెండు డైరెక్టరీలకూ తాళం వేస్తుంది. డ్రైవర్ మళ్లీ అదే తాళం కోసం ప్రయత్నిస్తే అది ఎప్పటికీ దొరకదు, పని అక్కడే నిలిచిపోతుంది. మన ప్యాచ్‌లో ఈ తప్పు కూడా ఉంది.

లోపాన్ని మాటలతో చెప్పి ఊరుకోకండి, చూపించండి. వర్చువల్ మెషీన్‌లో చిన్న ఇమేజ్ ఫైల్ తయారుచేసి, లూప్ పరికరంగా మౌంట్ చేసి, ఖాళీ లేకుండా నింపండి. తరువాత ఒక ఫైల్‌ను నిండిన డైరెక్టరీలోకి మార్చండి. ఆ విద్యార్థి తన ఫైల్ మాయమవడం స్వయంగా చూశాడు. ఆ తరువాత నేను వాదించవలసిన అవసరం రాలేదు.

5. సమీక్ష రాసే పద్ధతి

ఒక పొరపాటు నాది కూడా చెప్పాలి. ఉద్యోగంలో ఉండగా ఒక విద్యార్థిని కోడ్ మీద ఒకేసారి ముప్పైకి పైగా వ్యాఖ్యలు రాశాను. అన్నీ సరైనవే. ఆమె మళ్లీ రాలేదు. అక్షరదోషానికీ, ఫైల్ పోవడానికీ ఒకే గొంతుతో చెప్పడం నా తప్పు. ఇప్పుడు నేను పాటించే క్రమం ఇది:

అ) పూర్తయిన పనిని ముందు పేర్కొని, విడిగా పంపమనడం.
ఆ) సమాచారం పోయే లోపాలను మాత్రమే మొదటి విడతలో చెప్పడం.
ఇ) తరువాత చేయవలసిన ఒకే ఒక్క పనిని సూచించడం.
ఈ) శైలి విషయాలను చివరి విడతకు వదలడం.

రాసినవారు కొనసాగించలేకపోతే మరొకరు పూర్తిచేయవచ్చు. కాని మొదటివారి పేరు చెరిపివేయరాదు. లినక్స్‌లో 2004 నుంచి ప్రతి ప్యాచ్‌కు సైన్డ్-ఆఫ్-బై అనే పంక్తి ఉంటుంది. ఆ కోడ్ ఇచ్చే హక్కు తనకుందని రాసినవారు ఇచ్చే హామీ అది. వారి తరఫున మనం దాన్ని రాయకూడదు. ఇద్దరు కలిసి రాస్తే కో-డెవలప్డ్-బై పంక్తి, దాని వెంటనే ఆ వ్యక్తి సంతకపు పంక్తి ఉండాలి.

మన విద్యార్థి బఫర్ సవరణను విడదీసి తన పేరుతోనే సిద్ధం చేశాడు. పేరు మార్పు పని ఇంకా మిగిలే ఉంది. అయితే అది ఎక్కడ ఆగిందో ఇప్పుడు అతనికి తెలుసు.

సారాంశం

అసంపూర్ణ ప్యాచ్‌ను తిరస్కరించడం, యథాతథంగా అంగీకరించడం రెండూ సులువే. దాన్ని విడదీసి, ప్రమాదకరమైన లోపాన్ని ప్రయోగంతో చూపి, తదుపరి అడుగు చెప్పడమే సమీక్ష.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పాత నమోదును ముందుగా తొలగిస్తే, డిస్క్ నిండినప్పుడు ఏమవుతుంది?
2. కోడ్‌లో వరుస సరిగా ఉన్నా, కరెంటు పోతే ప్రమాదం ఎందుకు మిగులుతుంది?
3. మీరు సగంలో ఆపిన ఒక ప్రోగ్రామ్‌ను తీసుకుని, అందులో పూర్తయిన భాగాన్ని గుర్తించి ఐదు వాక్యాల్లో సమీక్ష రాయండి.