ఇంగ్లిష్ గ్రామర్: ‘తిని వెళ్లాడు’ని ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి? సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్ మధ్య తేడా ఇదే..

ఇంగ్లిష్ పేపర్‌లో ‘కంబైన్ ద సెంటెన్సెస్’ అన్న ప్రశ్న కనిపించగానే చాలామందికి చెమటలు పడతాయి. రెండు వాక్యాలిచ్చి ఒకటిగా కలపమంటారు. పదాలు తెలుసు, అర్థం తెలుసు.. అయినా కలిపే దగ్గరే తేడా కొట్టేస్తుంది. పదో తరగతిలో అయితే పోయేది ఒకటో రెండో మార్కులు. అదే స్టాఫ్ సెలక్షన్ కమిషన్, బ్యాంకు పరీక్షల్లో అయితే తప్పు జవాబుకి వచ్చిన మార్కుల్లోంచి కూడా కోత పడుతుంది.

చింతపల్లి, కొయ్యూరు వైపు నుంచి నర్సీపట్నం వచ్చి చదువుకునే పిల్లలైనా, విశాఖలో కోచింగ్ తీసుకునే డిగ్రీ కుర్రాళ్లైనా.. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు తడబడేది దాదాపు ఒకే చోట. అది తెలివికి సంబంధించిన సమస్య కాదు. తెలుగు వాక్యాన్ని కట్టే పద్ధతి వేరు, ఇంగ్లిష్ వాక్యాన్ని కట్టే పద్ధతి వేరు. అంతే.

ముందు ఒక చిన్న క్లారిటీ. ప్రశ్న, ఆజ్ఞ, ఆశ్చర్యం అంటూ చేసే విభజన వాక్యం ఏ పని చేస్తుందన్న దాన్ని బట్టి. ఇప్పుడు చూసేది వాక్యం లోపలి కట్టడం గురించి. ఈ లెక్కన ఇంగ్లిష్‌లో వాక్యాలు సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్, ఈ రెండూ కలిసిన కాంపౌండ్ కాంప్లెక్స్.

అసలు లెక్కపెట్టాల్సింది ఏంటి?

వాక్యం పొడవు చూసి మోసపోవద్దు. సింపుల్ అంటే చిన్నది అని కాదు. కర్త, దానికి తగ్గ పూర్తి క్రియ.. ఈ జత ఒకటే ఉంటే సింపుల్. ఈ జతనే క్లాజ్ అంటారు. పూర్తి క్రియ అంటే తెలుగు వ్యాకరణంలో చెప్పే సమాపక క్రియ లాంటిది. ‘రామరాజు అటాక్డ్ ద చింతపల్లి పోలీస్ స్టేషన్’ అన్నది సింపుల్ సెంటెన్స్. దీనికి ‘ఆన్ 22 ఆగస్ట్ 1922 విత్ హిజ్ మెన్’ అని తగిలించినా సింపులే. తేదీ చేరింది, మనుషులు చేరారు, కొత్త క్రియ మాత్రం చేరలేదు.

తెలుగులో అసలు క్రియే లేకుండా కూడా వాక్యం నడిచిపోతుంది. ‘ఆయన టీచర్’ అంటే చాలు. అదే అలవాటులో ‘హి టీచర్’ అని రాస్తే తప్పు. ఇంగ్లిష్‌లో ‘ఈజ్’ లేకపోతే అది వాక్యమే కాదు.

ఇక కాంపౌండ్ అంటే విడివిడిగా నిలబడగలిగే రెండు క్లాజులను సమానంగా కలపడం. కలిపే మాటలు ప్రధానంగా ఏడు: ఫర్, అండ్, నార్, బట్, ఆర్, యెట్, సో. మొదటి అక్షరాలు కలిపి ‘ఫ్యాన్‌బాయ్స్’ అని గుర్తుపెట్టుకుంటారు. ఉదాహరణకి ‘ద ట్రైన్ స్టాప్స్ ఎట్ నర్సీపట్నం రోడ్, బట్ ద టౌన్ ఈజ్ ఫార్ అవే’. స్టేషన్ పేరు చూసి ఊళ్లోకి వచ్చేశాం అనుకుని దిగేవాళ్లకి ఆ ‘బట్’ విలువ బాగా తెలుస్తుంది. ఇందులో ఏ సగం తీసేసినా రెండో సగం బతుకుతుంది.

బస్టాండ్ కాదు.. కాంప్లెక్స్ సెంటెన్స్

విశాఖ వైపు కాంప్లెక్స్ అనగానే గుర్తొచ్చేది ఆర్టీసీ బస్టాండే. గ్రామర్‌లో కాంప్లెక్స్ అంటే ఒక క్లాజ్ ఇంకో దాని మీద ఆధారపడడం. ‘బికాజ్ ద బస్ వాజ్ లేట్’ అని రాసి ఫుల్‌స్టాప్ పెట్టేస్తే వినేవాళ్లు ‘అయితే ఏంటి?’ అంటారు. ‘ఐ మిస్డ్ ద ఎగ్జామ్ బికాజ్ ద బస్ వాజ్ లేట్’ అంటేనే మాట పూర్తవుతుంది. తెలుగులో ‘ఎందుకంటే బస్సు లేటయింది’ అని విడి వాక్యంగా చెప్పేస్తాం, ఎవరూ తప్పు పట్టరు. పరీక్షలో ఇంగ్లిష్ రాసేటప్పుడు అలా కుదరదు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. హైస్కూల్ తెలుగు పాఠాల్లో సామాన్య, సంయుక్త, సంశ్లిష్ట వాక్యాలు అని చెబుతారు. వాటినే సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్ అని అచ్చంగా జత చేసేస్తే బోల్తా పడతారు.

‘సీత, గీత అక్కాచెల్లెళ్లు’ తెలుగు పాఠంలో సంయుక్త వాక్యం. ‘సీత అండ్ గీత ఆర్ సిస్టర్స్’ ఇంగ్లిష్‌లో సింపుల్. పేర్లు రెండున్నా క్రియ ఒక్కటే కదా.

ఇంకోటి చూద్దాం. ‘రవి అన్నం తిని కాలేజీకి వెళ్లాడు’. తెలుగులో ఇది సంశ్లిష్టం. ‘తిని’ అసమాపక క్రియ, ‘వెళ్లాడు’ సమాపక క్రియ. మరి ఇంగ్లిష్‌లో? ‘హ్యావింగ్ ఈటెన్, రవి వెంట్ టు కాలేజ్’ అంటే సింపుల్. ‘రవి ఏట్, అండ్ హి వెంట్ టు కాలేజ్’ అంటే కాంపౌండ్. ‘ఆఫ్టర్ రవి ఏట్, హి వెంట్ టు కాలేజ్’ అంటే కాంప్లెక్స్. ఒక్క తెలుగు వాక్యం ఇంగ్లిష్‌లో మూడు రకాలుగానూ మారిపోయింది! పరీక్షలో ‘చేంజ్ ఇంటు కాంపౌండ్’, ‘చేంజ్ ఇంటు కాంప్లెక్స్’ అని అడిగేది సరిగ్గా ఇదే.

అన్నట్టు రెండో ఉదాహరణలో ‘హి’ తీసేసి ‘రవి ఏట్ అండ్ వెంట్’ అని రాస్తే మన స్కూల్ గ్రామర్ కాంపౌండ్‌గానే లెక్కిస్తుంది. కొన్ని అమెరికన్ గ్రామర్ పాఠాలు మాత్రం కర్త ఒక్కటే కాబట్టి సింపుల్ అంటాయి. యూట్యూబ్ పాఠం ఒకలా, పుస్తకం ఇంకోలా కనిపించడానికి కారణం ఇదే. పరీక్షలో ‘హి’ పెట్టేస్తే ఏ గొడవా ఉండదు.

తెలుగు కలపాల్సిన పనంతా క్రియ చివర్లోనే చేసేస్తుంది. వస్తే, వచ్చినా, వచ్చి, వచ్చాక, వస్తానని.. అన్నీ ఒకే క్రియ, తోకలే వేరు. ఇంగ్లిష్‌లో ఆ తోకలు చాలావరకు విడి మాటలుగా ముందుకొచ్చి కూర్చుంటాయి. ‘వస్తే’కి ఇఫ్, ‘వచ్చినా’కి ఆల్దో లేదా ఈవెన్ ఇఫ్, ‘వచ్చాక’కి ఆఫ్టర్, ‘వస్తానని’లోని ‘అని’కి దట్. ప్రభుత్వ స్కూళ్లకి ఇచ్చిన ద్విభాషా పుస్తకాల్లో ఎదురెదురు పేజీలు పోల్చి చూసినా ఈ తేడా కంటికి కనిపిస్తుంది.

ఈ తోకల అలవాటు వల్లే కొందరు రెండు మాటలూ పెట్టేస్తారు. ‘ఆల్దో ఇట్ రెయిన్డ్, బట్ ద బస్ కేమ్’ తప్పు. ఆల్దో ఉంటే బట్ అక్కర్లేదు, బట్ ఉంటే ఆల్దో అక్కర్లేదు. ‘బికాజ్’తో మొదలుపెట్టి మధ్యలో ‘సో’ ఇరికించడం కూడా ఇలాంటిదే. ఎర్రర్ స్పాటింగ్‌లో ఈ జంటలు కనిపిస్తే ముందు అక్కడే అనుమానించాలి.

‘నిన్న వచ్చిన అబ్బాయి’ కూడా తలకిందులవుతుంది. తెలుగులో వివరం ముందు, మనిషి తర్వాత. ఇంగ్లిష్‌లో మనిషి ముందు: ‘ద బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే’. ఆ ‘హూ’ మింగేసి ‘యెస్టర్‌డే కేమ్ బాయ్’ అనేస్తే ఇంటర్వ్యూలో ఇబ్బందే.

నాలుగో రకానికి పెద్ద కథ లేదు. ‘వెన్ రామరాజు అటాక్డ్ ద చింతపల్లి స్టేషన్, హిజ్ మెన్ టుక్ ద గన్స్, అండ్ ద నెక్స్ట్ డే దే రెయిడెడ్ కృష్ణదేవిపేట’. ‘వెన్’ ఉన్న ముక్క ఆధారపడేది, మిగతా రెండూ సొంతంగా నిలబడేవి. అందుకే ఇది కాంపౌండ్ కాంప్లెక్స్. ఆ ‘వెన్’ ముక్క మొత్తం తీసేస్తే మిగిలేది కాంపౌండ్.

ఇప్పుడు ఒకటి ప్రయత్నించండి. ‘రామరాజు దళం ఆగస్టు 23న కృష్ణదేవిపేట స్టేషన్‌పై దాడి చేసి, మర్నాడు రాజవొమ్మంగి వెళ్లింది’. దీన్ని మూడు రకాలుగా రాయాలి. ‘హ్యావింగ్ రెయిడెడ్ కృష్ణదేవిపేట, దే వెంట్ టు రాజవొమ్మంగి’ అంటే సింపుల్. ‘దే రెయిడెడ్ కృష్ణదేవిపేట, అండ్ దే వెంట్ టు రాజవొమ్మంగి’ అంటే కాంపౌండ్. మూడోది ‘ఆఫ్టర్’తో మొదలుపెట్టి మీరే రాసేయొచ్చు.