దోహా బడి మార్కులు, ఊరి హైస్కూలు మార్కులు

నేను దోహాలో ఒక భారతీయ బడిలో లెక్కలు చెబుతుంటాను. పదో తరగతి ఫలితాలొచ్చే రోజుల్లో మన తెలుగు కుటుంబాలు ఎక్కడ కలిసినా ఒకటే మాట. "మీ బడికి ఎంత శాతమండీ? మాకు నూటికి నూరు!" ఆ వెంటనే ఇంకో మాట కూడా వస్తుంది. "మా ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూలు ఉంది గానీ, అక్కడ చదువేముంది లెండి." ఈ రెండు మాటల వెనక ఒక లెక్క ఉంది. ఈ వారం దాని గురించి చెప్పుకుందాం.

ముందు ఖతార్‌లో ఎవరు ఎక్కడ చదువుతారో చూద్దాం. ఇక్కడి ప్రభుత్వ బడుల్లో చదువు అరబ్బీలో సాగుతుంది. పెద్ద తరగతుల్లో మగపిల్లలకీ ఆడపిల్లలకీ బడులు వేరువేరు. వాటిలో చదివేది ఎక్కువగా ఖతారీ పిల్లలు, ఇతర అరబ్బు దేశాల పిల్లలు. మన పిల్లలు చాలావరకు ఫీజు కట్టి ప్రైవేటు భారతీయ బడుల్లో సీబీఎస్ఈ సిలబస్ చదువుతారు.

ఓఈసీడీ వాళ్ళు కొన్నేళ్ళకోసారి 15 ఏళ్ళ పిల్లలకి పీసా అని ఒక పరీక్ష పెడతారు. ఖతార్ దాంట్లో మొదటిసారి 2006లో పాల్గొంది. అప్పుడు లెక్కల్లో దేశం సగటు 318. 2022 నాటికి అది 414 అయింది. ఆ ఏడాది ఓఈసీడీ దేశాల సగటు 472. పదహారేళ్ళలో అంత పెరగడం మంచి విషయమే. కానీ ఆ ఫలితాల్లో నన్ను ఆలోచింపజేసింది ఇంకోటి. ఐరోపాలో చాలా దేశాల్లో వలస వచ్చినవాళ్ళ పిల్లలు స్థానిక పిల్లల కన్నా వెనకబడి ఉంటారు. ఖతార్‌లో అది తలకిందులు. వలస కుటుంబాల పిల్లలే బాగా ముందుంటారు.

మనవాళ్ళకి తెలివి ఎక్కువ అని సంబరపడిపోకండి. ఇక్కడ కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే ఇంటాయనకి ఇంత జీతం ఉండాలని నిబంధన ఉంది. ఇంజనీరు, డాక్టరు, అకౌంటెంటు తెచ్చుకోగలరు. తాపీ మేస్త్రీ, డ్రైవరు, క్లీనరు చాలావరకు తెచ్చుకోలేరు. అంటే మా బడిలోకి వచ్చే పిల్లల్ని మా కంటే ముందు నాన్న జీతం చీటీయే ఎంపిక చేసేసింది. ఇంట్లో చదువుకున్న అమ్మానాన్నలు, సొంత బల్ల, అవసరమైతే ట్యూషను. ఇవన్నీ ఉన్న పిల్లలు పాసైతే ఆ గొప్పంతా బడిదే అనడం సబబు కాదు.

మరి ఆ తాపీ మేస్త్రీ పిల్లలెక్కడున్నారు? జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప పల్లెల్లో ఉన్నారు. ఆరు నుంచి పది దాకా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుతుంటారు. నాన్న ఇక్కడ లేబర్ క్యాంపులో ఉంటాడు. అమ్మ పొలమో, బీడీలో చూసుకోవాలి. ఏజెంటుకి కట్టిన అప్పు తీరాలి. బీజగణితంలో సందేహం వస్తే ఇంట్లో చెప్పేవాళ్ళుండరు. ఇలాంటి పిల్లవాడు ఆరో తరగతికి వచ్చేనాటికి తీసివేతలు కూడా సరిగా రాకపోయి, పదిలో 60 మార్కులతో పాసయ్యాడనుకోండి. ఇక్కడ 90తో వచ్చినవాడు 90తోనే బయటికెళ్ళాడనుకోండి. ఏ బడి ఎక్కువ పని చేసినట్టు? మీరే చెప్పండి.

చిన్న బడికి ఇంకో చిక్కు కూడా ఉంది. పదో తరగతిలో 20 మందే ఉన్నారనుకుందాం. ఒక్కరు తప్పితే 95 శాతం, ఇద్దరు తప్పితే 90. 400 మంది రాసే బడిలో ఒకరు తప్పితే 99.75. చిన్న బడిలో ఒక పిల్లకి జ్వరమొచ్చినా "ఈ ఏడు బడి పడిపోయింది" అంటారు. అందుకే చిన్న బడిని ఒక్క ఏడాది అంకెతో తూచకూడదు. కనీసం అయిదేళ్ళవి కలిపి చూడాలి.

శాతం ఎంత తేలిగ్గా మారుతుందో 2021లో అందరం చూశాం. కోవిడ్ వల్ల పరీక్షలు రద్దయ్యాయి. అయినా సీబీఎస్ఈ పదో తరగతి ఉత్తీర్ణత 99.04 శాతం వచ్చింది. పరీక్ష లేకుండానే!

అందుకని ఏ బడి గురించైనా మూడు ప్రశ్నలు అడగమంటాను. ఒకటి, పరీక్ష రాసింది ఎంతమంది? రెండు, తొమ్మిదిలో ఎంతమంది ఉండేవారు, అందరూ పదికి వచ్చారా? బలహీనంగా ఉన్నవాళ్ళని తొమ్మిదిలోనే ఆపేసో, టీసీ ఇచ్చి పంపేసో నూటికి నూరు చూపించే పాత అలవాటు కొన్ని బడుల్లో ఉంది. మూడు, పిల్లలు ఏ ఇళ్ళ నుంచి వస్తున్నారు, వచ్చినప్పుడు వాళ్ళకి ఏం వచ్చు?

ఈ మూడో ప్రశ్నని మన ప్రభుత్వాలూ పట్టించుకున్న సందర్భం ఉంది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు ఉద్దేశం పల్లెటూరి పిల్లలకి ఇంజనీరింగు చదువు అందించడం. అక్కడి ప్రవేశాల్లో ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల పిల్లల జీపీఏకి 0.4 కలిపే పద్ధతి వచ్చింది. అది జాలిపడి ఇచ్చింది కాదు. ఒకే మార్కు వెనక రెండు రకాల కష్టం ఉంటుందని ఒప్పుకోవడం.

ఇదంతా మనకెందుకంటారా? గల్ఫ్ ఉద్యోగం ఎప్పుడు పోతుందో తెలియదు. 2020లో ఎన్ని కుటుంబాలు మధ్యలో ఇంటిదారి పట్టాయో చూశాం. రేపు మీ పిల్లలే ఊళ్ళో చేరాల్సి వస్తే, శాతం చూసి ఆ హైస్కూలుని కొట్టిపారేయకండి. వెళ్ళి లెక్కల మాస్టారు, సైన్సు టీచరు ఉన్నారో లేదో చూడండి. తరగతిలో కాసేపు కూర్చోనిస్తారేమో అడగండి. ఊరి బడికి సాయం చేయాలనుకునేవాళ్ళు కూడా గోడలకి రంగులేయించే ముందు, సాయంత్రంపూట ఆ పిల్లలకి సందేహాలు తీర్చేవాళ్ళున్నారా అని విచారించండి. దోహాలో మన పిల్లలకి ఇంట్లో దొరుకుతున్నదీ, అక్కడి పిల్లలకి దొరకనిదీ అదే.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. అందాకా సెలవు.