వాద్యమునకు నోరిచ్చు యంత్రము

గిద్దలూరు, మార్కాపురముల నడుమ గుండ్లకమ్మ యేటి కడ్డముగా రెండు కొండలను కలిపి కట్టిన కంభము చెరువును చూచినవారెరుగుదురు: నిలిచిన నీరొక్కటే యైనను, తూముల తలుపులు ఎంత లేచిన అంతమేరకే దిగువ కాలువలు పారును. వాద్యముచేత మాటలాడించు వోకోడరు అను యంత్రమును మా ప్రాంతపు పాఠకులకు బోధపరుచుటకు ఇంతకంటె చక్కని ఉపమానము నాకు దొరకలేదు.

మాట యనునది రెండు పనుల కలయిక. కంఠములోని నాదతంత్రులు కంపించి ధ్వనిని పుట్టించును. నాలుకయు పెదవులును దవడయు నోటి ఆకారమును మార్చుచు, ఆ ధ్వనిలో కొన్ని పౌనఃపున్యములను బలపరచి కొన్నిటిని అణచును. ఒకే శ్రుతిలో ‘ఆ’ అనియు ‘ఈ’ అనియు పలికి చూడుడు. మారినది నోరే కాని శ్రుతి కాదు. వోకోడరు ఈ రెండు పనులను విడదీయును. మైకు ముందు మాటలాడువాని గొంతును మంద్రమునుండి తారమువరకు కొన్ని శ్రేణులుగా విభజించి, ఏ క్షణమున ఏ శ్రేణి యెంత బలముగ నున్నదో కొలిచి, వాద్యధ్వనిని గూడ అవే శ్రేణులుగా చీల్చి, ఒక్కొక్క తూము తలుపును ఆ కొలత చొప్పున ఎత్తుచు దించుచు నుండును. నీరు వాద్యముది, తలుపులెత్తు చేయి మాటది.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో హోమర్ డడ్లీ 1928లో ఈ యోచన చేసినది సంగీతమునకై కాదు, సన్నని తంతివెంట మాటను పొదుపుగా పంపుటకై. ఆయన శ్రేణులు పది. 1943 నుండి యుద్ధకాలపు రహస్య టెలిఫోనులకది తోడ్పడెను; 1970 ప్రాంతమున సంగీతకర్త వెండీ కార్లోస్, వాద్యనిర్మాత రాబర్ట్ మూగ్ దానిని సంగీతమునకు మళ్లించిరి.

చెరువులో నీరు లేనిదే తలుపెత్తి ఫలమేమి? వేణునాదము నిర్మలమైనది, దానియందు మూలశ్రుతికి పైని పలుకు అనుస్వరములు స్వల్పము. కావున పై తూములు ఎండియుండి మాట అస్పష్టమగును. రెల్లుపొరల నడుమ ఊపిరి చీలి పుట్టు నాగస్వరధ్వనియో, అన్ని శ్రేణులయందును నిండుగ నుండును. ఇక స, శ, షలు కంఠనాదము లేని వట్టి గాలిసడులు. ఆ సడిని యంత్రమున వేరుగ కలుపనియెడ ‘సీత’ కాస్తా ‘ఈత’ యగును.

ఏ యంత్రమును లేకయే మాటలాడిన నాగస్వరము మా ప్రాంతమునకు కొత్త కాదు. ఒంగోలు చేరువ కరవదిలో 1924లో జన్మించి శ్రీరంగమున స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదమందిన షేక్ చినమౌలానా ఊదిన కృతి, గాయకుడు పాడినట్లే నా చెవికి తోచును. సాహిత్యము విరుగుచోటనే ఊపిరి విరుగును, అక్షరము మొదలగుచోటనే నాలుక తాకును. ఐనను ఆ కృతి నెరుగనివానికి అందు రాగమే కాని పదము వినిపింపదు. వోకోడరు తొలిసారి వినువానికి గూడ పదము నందించును. యంత్రము సాధించిన అసలైన విశేషము నా దృష్టిలో ఇదియే, దానిని తక్కువ చేయ నా మనసొప్పదు.

కాని మార్కాపురపు చెన్నకేశవుని సన్నిధిని మేళము మ్రోగునపుడు నేను చూచినదొకటి గలదు. కీర్తన నెరిగిన వృద్ధులు, స్తంభములకు చేరగిలబడి కనులు మూసికొని, గొంతు పెగలనీయక పెదవులు మాత్రము కదల్చుచుండిరి.