అరెస్టు కారణాలు, నిందితుని భాష: కోస్గి ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

అరెస్టయిన వ్యక్తికి అందుకు గల కారణాలను వీలైనంత త్వరగా తెలియజేయాలని, తాను కోరుకున్న న్యాయవాదిని సంప్రదించే హక్కును అతనికి నిరాకరించరాదని భారత రాజ్యాంగం 22(1) అధికరణం నిర్దేశిస్తున్నది. తెలియజేయవలసింది ఏ భాషలోనో ఆ అధికరణంలో లేదు. తనపై ఉన్న ఆరోపణ ఏమిటో అర్థం కానివాడు న్యాయవాదికి ఏమి చెప్పుకోగలడు? బెయిలు ఎలా కోరగలడు?

సుప్రీంకోర్టు ఈ విషయంలో అంచెలంచెలుగా ముందుకు వచ్చింది. కారణాలను రాతపూర్వకంగా ఇవ్వాలన్న నియమాన్ని 2023లో పంకజ్ బన్సల్ కేసులో మనీ లాండరింగ్ చట్టానికి, 2024లో ప్రబీర్ పుర్కాయస్థ కేసులో ఉపా చట్టానికి వర్తింపజేసింది. 2025 ఫిబ్రవరి 7న విహాన్ కుమార్ కేసులో, కారణాలు తెలియజేశామని నిరూపించే భారం పోలీసులదేనని తేల్చింది. అదే కేసులో నిందితుడిని ఆసుపత్రి మంచానికి బేడీలతో కట్టివేయడం 21వ అధికరణానికి భంగకరమని కూడా ప్రకటించింది.

ఈ చివరి అంశం కోస్గి పరిసరాల వారికి కొత్తది కాదు. కోస్గికి సమీపాన, వికారాబాద్ జిల్లా దుద్యాల మండలంలోని లగచర్లలో 2024 నవంబరు 11న ఫార్మా భూసేకరణ విషయమై అధికారులపై దాడి జరిగింది. తదనంతరం అరెస్టయినవారిలో పలువురు తండాల గిరిజన రైతులు. రిమాండులో ఉన్న వారిలో ఒకరిని డిసెంబరులో వైద్యం కోసం బేడీలతోనే ఆసుపత్రికి తీసుకురావడం తీవ్ర విమర్శలకు గురైంది. సహేతుక కారణం లేకుండా బేడీలు వేయరాదని 1980లోనే ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో తీర్పు వచ్చి ఉన్నదన్న సంగతి ఇక్కడ గమనార్హం.

భాషా ప్రశ్నకు నేరుగా సమాధానం మిహిర్ రాజేశ్ షా కేసులో 2025 నవంబరు 6న వెలువడింది. దాని ప్రకారం ఏ నేరమైనా సరే, అరెస్టు కారణాలను నిందితునికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలి. వెంటనే వీలుకాకపోతే మొదట నోటిమాటగా చెప్పి, రిమాండు కోసం మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా రాతప్రతిని అందజేయాలి. లేనిచో అరెస్టు, రిమాండు చెల్లవు. ఇంత మాత్రాన కేసు ముగిసిపోదు. నియమం పాటించి పోలీసులు మళ్లీ కస్టడీ కోరవచ్చు.

‘అర్థమయ్యే భాష’ అన్న మాట కాగితం మీద తేలిక. కర్ణాటక సరిహద్దుకు చేరువైన కోస్గి ప్రాంతంలో తెలుగుతోపాటు ఉర్దూ, కన్నడం, తండాలలో లంబాడీ వినిపిస్తాయి. లంబాడీకి సొంత లిపి లేదు; ఈ ప్రాంతంలో రాయదలిస్తే తెలుగు లిపే దిక్కు. బడి ముఖం చూడని వృద్ధునికి ఏ లిపిలో రాసి ఇచ్చినా ఒకటే. ముందస్తు నిర్బంధానికి సంబంధించిన హరికిషన్ కేసులో 1962లోనే ధర్మాసనం ఈ తేడాను గుర్తించింది: నిర్బంధితునికి తెలిసిన భాషలో, అతను అక్షరాస్యుడైతే చదవగల లిపిలో కారణాలు అందాలన్నది. పోలీసు అధికారి ఆంగ్లపత్రాన్ని నోటితో అనువదించి వినిపించడం సరిపోదన్నది. నిరక్షరాస్యుని విషయంలో రాతప్రతితోపాటు, అతని మాట తెలిసిన వ్యక్తి చేత చదివించి, ఆ వ్యక్తి సంతకాన్ని కూడా నమోదు చేయించడం ఈ తీర్పుల ఉద్దేశానికి దగ్గరగా ఉంటుంది. ఆ కాగితాన్ని రిమాండు వేళ మేజిస్ట్రేటు అడిగి చూడవలసి ఉంటుంది; న్యాయవాది మొదట పరిశీలించవలసినదీ అదే.